సూదికి నోరు పెట్టింది నేనే

కొత్తగా పత్రిక డెస్కులోకి వచ్చే పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు: "మేడం, మంచి శీర్షిక ఎట్లా పెట్టాలి?" చెడ్డ శీర్షిక పెడితే ఏమవుతుందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఒక మనిషి పేరుంది. మార్తమ్మ. ఆమె దగ్గరికి వస్తాను. ముందు ఉద్యోగం సంగతి చెప్పాలి.

కర్నూలులో ఎనిమిదేళ్లు, కడపలో పంతొమ్మిదేళ్లు ఒక దినపత్రిక జిల్లా పేజీలకు సబ్‌ ఎడిటర్‌గా పనిచేశాను. యాభై మూడో ఏట నాకు నేనే రాజీనామా కాగితం రాసిచ్చి బయటికి వచ్చేశాను. సబ్‌ ఎడిటర్ అంటే పల్లెల నుంచి విలేకరులు పంపిన వార్తను దిద్ది, కుదించి, పైన శీర్షిక పెట్టే మనిషి. మా పేరు ఎక్కడా పడదు. పొగడ్త వస్తే విలేకరికి, తిట్లు వస్తే విలేకరికో పత్రికకో పోతాయి. మేం మధ్యలో హాయిగా దాక్కుంటాం. ఈ హాయి ఎంత పాడుదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మీకు శిక్షణలో అచ్చుతప్పులు దిద్దడం నేర్పుతారు. ఆలోచనలో తప్పు పట్టుకోవడం ఎవరూ నేర్పరు. దాన్ని అందమైన మాటతో కప్పేస్తే మెచ్చుకుంటారు కూడా.

కరువు ఏ ఆఫీసులో పనిచేస్తుంది?

కర్నూలులో నా మొదటి పైఅధికారి ఖాదర్ సార్. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఎర్ర పెన్ను తప్ప ఇంకో పెన్ను ముట్టేవాడు కాదు. నేను ఎం.ఏ. తెలుగు చదివి, తలనిండా అలంకారాలతో దిగాను. ఆదోని వైపు ఒక ఊళ్లో పంటలు ఎండిపోయాయని వార్త వస్తే, "కరువు రక్కసి కాటుకు బలైన పల్లె" అని శీర్షిక పెట్టి, మెచ్చుకుంటాడని ఆయన టేబుల్ దగ్గరే నిలబడ్డాను.

ఆయన చదివి అద్దాలు తీశాడు. "ఏమ్మా రత్నా, ఈ కరువు యాడ పనిచేస్తాది? ఏ ఆఫీసు?"

"అర్థం కాలేదు సార్."

"కాటేసిందంటివి గదా. కాటేసినోళ్ల మీద కేసు పెట్టల్ల. పేరు, హోదా, ఊరు రాసియ్యి. అట్లనే రక్కసి కాటేస్తాదా, పాము కాటేస్తాదా, అదీ తేల్చి చెప్పు."

హాలంతా నవ్వింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన పట్టించుకోలేదు.

"వానలు రాల్యా, అది నిజం. కాల్వకు నీళ్లు వదిలినారని నిన్న మనమే రాస్తిమి గదా. ఈ ఊరికి యాల రాల్యా? తూము ఎవురు మూసినారు? విలేకరిని అడిగినావా?"

అడగలేదు. పోయి ఫోన్ చేశాను. కాలువకు పైన ఉన్న ఊరి పెద్దరైతులు తూము దగ్గర మనుషులను కాపలా పెట్టుకుని, కిందికి నీళ్లు వదలనివ్వడం లేదట. ఇంత సంగతి వదిలేశావేమని గద్దించాను. "నాకు తెల్సు మేడం. మీరు అడగల్యా గదా," అన్నాడు విలేకరి.

ఆ వారంలో ఖాదర్ సార్ పాత పేపర్లు నా ముందు పడేసి, చేసినవాడి పేరు లేని శీర్షికలు ఏరమన్నాడు. విధి వక్రించింది. మృత్యువు కబళించింది. ప్రకృతి పగబట్టింది. ఒక్కొక్కటీ విప్పి చూస్తే లోపల మనిషి ఉన్నాడు. దీపాలు లేని ట్రాక్టరును రోడ్డు మధ్యలో నిలిపి టీకి పోయినవాడి స్థానంలో మృత్యువును కూర్చోబెట్టాం. గుంత పూడ్చకుండా బిల్లు పెట్టుకున్న కాంట్రాక్టరు స్థానంలో విధి కూర్చుంది. వాళ్లందరికీ మేం జీతం లేని వకీళ్లం.

అలంకారమంతా చెడ్డదని నేననను. సంతలో టమాటాలు అమ్మే ఆమె "ఎండ నా నెత్తిన ఎక్కి కూర్చుండాది" అంటే ఆ మాట ఎవరినీ దాచిపెట్టడం లేదు. తనకు ఎలా ఉందో చెబుతోంది, అంతే. మేం వాడేది వేరే రకం. తెలుసుకోవలసింది తెలుసుకోకుండా తప్పించుకోవడానికి వాడేది.

ఇంత మంచి గురువు దొరికాడు నాకు. కాబట్టి తరువాత నేను చేసిన దానికి తెలియక చేశానన్న సాకు లేదు.

ఉగ్గాని తినిపించిన శీర్షికలు

కడపలో మా ఇన్‌ఛార్జి పేరు చెన్నకేశవులు. చెడ్డవాడని రాస్తే సులువుగా ఉంటుంది కానీ అబద్ధం. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాలుగు రోజులు నా పేజీ ఆయనే చేశాడు. తెలివైనవాడు, చెయ్యి పెద్దది. ఆయన పెట్టిన ఆచారమే మమ్మల్ని చెడగొట్టింది.

రోజూ మధ్యాహ్నం మీటింగులో ఆ రోజు పేపరు శీర్షికలు బిగ్గరగా చదివేవాడు. దేనికి ఎక్కువ మంది "ఆహా" అంటే అది పెట్టినవాళ్లకు బస్టాండు దగ్గరి హోటలు నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించేవాడు. శీర్షికలో ప్రాస ఉండాలి, లేకపోతే దెబ్బ ఉండాలి. "చప్పగా ఉంటే ఎవురు చదువుతారమ్మా?" అనేవాడు. నిజమేనా అని ఆ శీర్షికలకు మార్కులు వేసినవాళ్లు ఎవరూ లేరు. డిగ్రీలు చదివిన పెద్దమనుషులం, ప్లేటు ఉగ్గాని కోసం చిన్నపిల్లల్లా పోటీపడ్డాం. అందరికంటే ఎక్కువ ప్లేట్లు తిన్నది నేనే. గొప్పకు చెప్పడం లేదు.

ఒకసారి బండలు కోసే చోట అన్నదమ్ములిద్దరు కొట్లాడుకున్నారు, అన్నకు తల పగిలిందని వార్త వచ్చింది. "మళ్లీ బుసకొట్టిన ఫ్యాక్షన్" అని పెట్టాను. ఆ రోజు ప్లేటు నాదే.

పది రోజులకు ఆ అన్నదమ్ములు ఆఫీసుకు వచ్చారు. అన్న తలకు కట్టు. తమ్ముడు బండి నడుపుతుంటే వెనక కూర్చుని వచ్చాడు. శీర్షిక ఎవరు పెట్టారని అడిగితే హాల్లో ఎవరో నన్ను చూపించారు.

"ఈమేనా రాసింది? ఏమమ్మా, మా ఇంట్లో ఫ్యాక్షన్ యాడ కనిపిచ్చె నీకు?" అన్నాడు అన్న. "బండలు కొల్చేకాడ మాటా మాటా పెరిగె. వీడు కొట్టె, నేను పడితి. సాయంత్రం ఆసుపత్రిలో నా నోట్లో ఇడ్లీ పెట్టింది గూడా వీడే."

"ఇడ్లీ సంగతి యాల చెప్తావు గానీ," అని తమ్ముడు అందుకున్నాడు. "మా ఇద్దరి మీద స్టేషన్లో బైండోవర్ రాసినారమ్మా. ఆదివారం ఆదివారం పోయి సంతకం పెట్టల్ల. ఎస్సై మీ పేపరు సూపిచ్చి, ఏరా ఫ్యాక్షనిస్టుల్లారా అంటాండాడు. మా నాయన బతికిండంగ ఒక కోడిని గూడా కోసిన మనిషి కాదు."

చెన్నకేశవులు వాళ్లకు టీ తాగించి, భుజం తట్టి పంపించాడు. తరువాత నా వైపు తిరిగి, "కడపలో తలకాయ పగిలితే ఫ్యాక్షన్ అనకుండా ఏమంటారమ్మా?" అన్నాడు. అదీ తర్కం. ఈ గడ్డ మీద కొందరు నరుక్కున్నారు కాబట్టి ఇక్కడ ఎవడు కర్ర ఎత్తినా అదే కథ. సినిమాల వాళ్లు మన చేతికి కత్తులిచ్చి చూపిస్తున్నారని ఊరేగింపులు తీస్తాం. ఆ కత్తులకు రోజూ సాన పట్టింది మన డెస్కులే. చూశారా, నేనూ అలంకారంలోనే తిడుతున్నాను. అలవాటు అంత తొందరగా పోదు.

తోక నుంచి కత్తిరించడం

ఇక మార్తమ్మ.

మైదుకూరు వైపు ఒక పల్లెలో, సబ్‌సెంటరు అనే చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆమె ఏఎన్‌ఎం, అంటే పల్లె నర్సు. గర్భిణులను చూడడం, పిల్లలకు టీకాలు వేయడం ఆమె పని. ఒక గురువారం మధ్యాహ్నం ఆ ప్రాంతపు విలేకరి ఓబులేసు వార్త పంపాడు. ఓబులేసు మాట్లాడినట్టే రాస్తాడు. జరిగింది జరిగిన వరసలో చెప్పుకుంటూ పోయి, అసలు సంగతి చివర చెబుతాడు. మా పల్లెల్లో కథ చెప్పే తీరే అది.

అతను రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. బుధవారం మార్తమ్మ ఏడుగురు పిల్లలకు టీకాలు వేసింది. వాళ్లలో రెండున్నర నెలల మగబిడ్డ గురువారం పొద్దున చనిపోయాడు. సూది వల్లే చనిపోయాడని బంధువులు ఆసుపత్రి ముందు గొడవ చేశారు. మిగిలిన ఆరుగురు పిల్లలు బాగానే ఉన్నారు. పొద్దున పడుకోబెట్టి పాలు పడుతుండగా బిడ్డ ఉక్కిరిబిక్కిరి అయ్యాడని అవ్వ చెబుతోంది. పోస్టుమార్టం నివేదిక వస్తేగానీ కారణం తెలియదని డాక్టరు అన్నాడు.

ఆరు వాక్యాలు. నాకున్న చోటు మూడింటికి, ఎందుకంటే పక్కన ఒక కోచింగ్ సెంటరు ప్రకటన పెద్దదైంది. డెస్కులో వార్తను ఎప్పుడూ తోక నుంచి కత్తిరిస్తాం. ముఖ్యమైంది ముందు ఉంటుందని మా నమ్మకం. ఓబులేసు ముఖ్యమైంది చివర పెడతాడని నాకు తెలుసు. అయినా చివరి మూడు వాక్యాలు కొట్టేశాను. మిగిలినదానికి శీర్షిక పెట్టాను.

"పసిప్రాణాన్ని మింగిన సూది."

ఓబులేసు ఫోన్‌లో అడిగాడు కూడా. "మేడం, మార్తమ్మ సబ్‌సెంటర్లోనే ఉండాది. పోయి ఆయమ్మ మాట గూడా రాసి పంపించేదా?"

"టైం లేదు ఓబులేసూ. ఇది చాలు."

అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. పేజీ పోవలసింది ఆరింటికి. టైం ఉంది.

శుక్రవారం మీటింగులో చెన్నకేశవులు ఆ శీర్షికను రెండుసార్లు చదివాడు. బజ్జీలు వేడిగా ఉన్నాయి.

నా తప్పు విప్పి చెబుతాను, వినండి. సూది వేసిన తరువాత బిడ్డ పోయాడు. "తరువాత" వేరు, "వల్ల" వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటాలంటే కారణం వెతకాలి, మనుషులను అడగాలి, నివేదిక కోసం ఆగాలి. నేను "మింగిన" అన్న ఒక్క మాటతో దాటేశాను. "సూది వల్ల బిడ్డ మృతి" అని రాసి ఉంటే చెన్నకేశవులే ఆపేవాడు, రుజువేదని అడిగేవాడు. సూదికి నోరు పెట్టేసరికి అది కవిత్వమైపోయింది. కవిత్వాన్ని రుజువు అడగరు కదా. రుజువు లేని నేరారోపణను అలంకారంలో చుట్టి గేటు దాటించాను. దాన్ని పుట్టెడు దుఃఖంలో ఉన్న ఒక తల్లి చదివింది, ఊరంతా చదివింది, పైఅధికారులూ చదివారు. ఎవరికీ అది అలంకారంలా కనిపించలేదు.

నాలుగు వాదనలు

ఆ వారంలోనే మార్తమ్మను సస్పెండ్ చేశారు. మా పేజీ జిరాక్సు తీసి సబ్‌సెంటరు తలుపుకు అంటించారు. ఆమె బదులు వచ్చిన నర్సు టీకాల పెట్టె పట్టుకుని వీధిలోకి వస్తే, తల్లులు పిల్లలను ఎత్తుకుని చేలల్లోకి పోయేవారని ఓబులేసు చెప్పాడు.

నెలన్నర తరువాత మళ్లీ ఫోన్ చేశాడు. "మేడం, రిపోర్టు వచ్చినాది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయినాయంట. సూదిది, మార్తమ్మది ఏం తప్పు లేదంట." మళ్లీ తనే, "అవ్వ ఆ పొద్దే చెప్పె గదా మేడం," అన్నాడు.

నేను నేరుగా చెన్నకేశవులు గదికి పోయాను. "సార్, అదే పేజీలో, అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో మనం తప్పు రాశామని వేద్దాం."

"ఏం నాగరత్నమ్మా, మనమొక్కరమే రాసినామా? అన్ని పేపర్లూ రాసినాయి."

"అందరూ కలిసి రాస్తే తప్పు ఒప్పవుతుందా సార్?"

"ఆ హెడ్డింగు పెట్టింది ఎవురు? నువ్వే పెట్టి, నువ్వే ఉగ్గాని తిని, ఇప్పుడు నాకు నీతులు చెప్తాండావా?"

"తప్పు చేసింది నేనని చెప్పడానికే వచ్చాను. నేను తిన్న ఉగ్గానికీ ఆ బిడ్డ ఊపిరితిత్తులకూ సంబంధమేంది?"

"ఈ పొద్దు దీనికి వేస్తే రేపు కడపలో ప్రతివాడూ పేపరు పట్టుకొని గేటు ముందర నిలబడతాడు."

"రాసింది నిజమైతే ఎవరు నిలబడితే మనకేంది?"

"అదంతా కాదు. నువ్వు పేపరు పక్కనా, ఆయమ్మ పక్కనా? అది చెప్పు."

మూడు నిమిషాల్లో నాలుగు తప్పుడు వాదనలు. డిగ్రీలో తర్కశాస్త్రం ఒక పేపరు చదివాను, నాలుగింటికీ పేర్లు తెలుసు. పేర్లు తెలియడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఎదుటి కుర్చీలో అధికారం ఉన్నప్పుడు వాదన సరిగ్గా ఉండాల్సిన అవసరం దానికి లేదు. ఈ మాట తర్కం పుస్తకాల్లో ఉండదు. ఇక్కడ రాసుకోండి.

మూడు రోజులు ఆయన ప్రాణం తీస్తే, లోపలి పేజీలో నాలుగు వరుసలు పడ్డాయి: "ఏఎన్‌ఎంపై సస్పెన్షన్ ఎత్తివేత." మేం తప్పు రాశామని అందులో లేదు. సూది మింగలేదని లేదు. దానికి శీర్షిక నేనే పెట్టాను. దానికి ఎవరూ ఆహా అనలేదు.

నేను అప్పుడే మానేశానని అనుకుంటున్నారేమో. లేదు. ఇంకో ఆరేళ్లు అదే కుర్చీలో కూర్చుని, అదే జీతం తీసుకున్నాను. శీర్షికలు మాత్రం చప్పగా పెట్టాను. ఉగ్గాని మళ్లీ రాలేదు. అది పశ్చాత్తాపం అనిపించుకోదు, మొండితనం అంతే.

బద్వేలు అవతల

ఉద్యోగం మానేశాక ఓబులేసును అడిగి మార్తమ్మ ఎక్కడుందో తెలుసుకున్నాను. బద్వేలు అవతల ఒక చిన్న పల్లెకు మార్చారు. బస్సు దిగి నడిచి పోయేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. సబ్‌సెంటరు ఒకటే గది, వరండా. వరండాలో ఒక తల్లి ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని తడుతోంది. లోపల గోడకు ఏసుప్రభువు కేలండరు, దాని పక్కన టీకాల పట్టిక. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, కళ్లజోడు, కార్డు మీద తేదీ రాస్తోంది.

"రామ్మా. బీపీ సూపిచ్చుకోవల్లనా?"

నేను ఎవరినో, ఎక్కడ పనిచేశానో చెప్పాను. ఆమె కార్డు రాయడం ఆపలేదు. అది పూర్తి చేసి, తల్లి చేతికిచ్చి, రేపు జ్వరం వస్తే భయపడొద్దని, పడుకోబెట్టి పాలు పట్టొద్దని రెండుసార్లు చెప్పి పంపించింది. తరువాత కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"ఆ మాట రాసింది మీరేనా?"

"నేనే."

"ఓబులేసు అనుకుంటి నేను ఇన్నేండ్లూ. ఆయప్ప ఎదురొస్తే మొగం తిప్పుకొని పోతి. పేపర్లో పేరు ఆయప్పదే ఉండె గదా. ఒక్కసారి గూడా నేను కాదు అని చెప్పల్యా ఆ మనిషి."

నాకూ చెప్పలేదు. నా బదులు ఇన్నేళ్లు ఆ తిట్టు మోస్తున్నట్టు ఫోన్‌లో ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

"సూది మింగిందంటిరి," అంది మార్తమ్మ. గొంతు పెంచలేదు. "సూదికి నోరు యాడుండాదమ్మా? నోరుండేది నాకు. ఆ పొద్దంతా సెంటర్లోనే కూచోని ఉంటి, ఎవురన్నా వచ్చి అడుగుతారేమోనని. అవ్వ చెప్పిన మాట నాకు తెల్సు. మిగతా ఆరుమంది పిల్లోల్ల ఇండ్లకు పొద్దున్నే పోయి సూసొచ్చింటి. అంతా చెప్పేదాన్ని. ఒక్కరన్నా అడిగినారా?"

బస్సులో వస్తూ క్షమాపణ మాటలు కూర్చుకుని ఉన్నాను. వాటి బదులు ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న ఇంకో సంగతి బయటికి వచ్చింది. మైదుకూరు వైపు ఆ పాత పల్లెలోనే ఒక పాప ఉంది. ఇంట్లో వాళ్లు టీకాలు వేయించలేదు. తరువాత తట్టు వచ్చి, రెండు చెవులూ వినిపించకుండా పోయాయి. ఓబులేసే ఒకసారి మాటల్లో చెప్పాడు.

"ఆ పాప చెవులు పోయింది నా వల్లేనమ్మా," అన్నాను.

మార్తమ్మ టీకాల పెట్టెలో ఐసు ముక్కలు సర్ది, మూత వేసి, గడియ బిగించింది.

"ఆ పాప నాకు తెల్సు. వాళ్ల నాయన ముందునుంచీ సూదులు వద్దు వద్దు అనేటోడే. మీ పేపరు వచ్చినాంక ఇంకా గట్టిగా అనె. మీరు రాయకుంటే వేయిచ్చేటోడేమో, వేయిచ్చకపోయేటోడేమో. మీ రాత వల్లనే ఆ పాప చెవులు పోయినాయా అంటే నాకు తెల్దు." కళ్లజోడు పెట్టుకుని తరువాతి కార్డు తీసుకుంది. "తెలియంది నేను చెప్పను. అది మీ పని."

నేను లేచాను.

"బస్సు మూడింటికి గానీ రాదు," అంది తల ఎత్తకుండా. "ఎండ శానా ఉండాది. ఆడ నీడ ల్యా. ఈడ్నే కూర్చోండి."

కూర్చున్నాను. బస్సు వచ్చేదాకా ఆమె కార్డులు రాస్తూనే ఉంది.